పసిబిడ్డల కొరకు వేలూరు చేసిన పరిశోధన

శతజయంతి సంచికలలో ఆలయాల కట్టడం, గురువుల సేవ, పాఠశాలల చరిత్ర, వసతిగృహాల జ్ఞాపకాలు చోటు చేసుకోవడం ఆనవాయితీ. అవి ఉండవలసినవే. అయితే గడచిన నూరేళ్ళలో మన సంఘాలలోని ప్రతి కుటుంబాన్నీ తాకిన మార్పు ఇంకొకటి ఉన్నది. మన పాత సమాధుల తోటలలో నడిచి చూస్తే మూరెడు, బారెడు పొడవున్న చిన్న సమాధులు వరుసగా కనిపిస్తాయి. మన అవ్వల కాలంలో ఎనిమిది మందిని కన్న తల్లికి నలుగురు దక్కితే అదృష్టవంతురాలనేవారు. ఆ చిన్న సమాధుల వరుస ఏ కాలంలోనో సన్నబడిపోయింది. ఎవరి శ్రమ వలన సన్నబడిందో మనలో చాలామందికి తెలియదు.

ఇందుకు కారణాలు అనేకం. తిండి మెరుగైంది, మంచినీళ్ళు కొంతవరకు వచ్చాయి, ఆడపిల్లలు చదువుకొన్నారు, టీకాలు వచ్చాయి. వాటన్నిటిని గురించి ఒక్క వ్యాసంలో చెప్పలేము. మన పొరుగుననే ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పసిబిడ్డల ఆరోగ్యాన్ని గూర్చి జరిగిన పరిశోధనను మాత్రం ఇక్కడ స్మరించుకొందాము. ఆపరేషన్ల కొరకు, పెద్ద జబ్బుల కొరకు వేలూరు వెళ్ళి వచ్చినవారు మన ప్రతి సంఘంలోనూ ఉన్నారు. ఆసుపత్రి వెనుకనున్న ప్రయోగశాలలను, వీధి వీధి తిరిగిన లెక్క పుస్తకాలను ఎరిగినవారు తక్కువ. ఆ పుస్తకాలు నేర్పిన పాఠం ఒక్కటే: ఏ దేశపు పిల్లలలోనో బాగా పనిచేసిన మందు మన పిల్లలలోనూ అంతే పనిచేస్తుందని అనుకోరాదు; మన పిల్లలను మనమే లెక్కించి చూసుకోవాలి.

ఉత్తర ఆర్కాటులో ఆరంభం

నేటి సరిహద్దులను బట్టి వేలూరు తమిళనాడులోనిది. కాని 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు చిత్తూరు, తిరుపతి, చంద్రగిరి ప్రాంతాలు, వేలూరు, గుడియాత్తం ప్రాంతాలు కలిసి ఉత్తర ఆర్కాటు అనే ఒకే జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాకు చిత్తూరే కేంద్రం. గనుక రాయవేలూరు ఆసుపత్రి పుట్టిననాడు అది మన వారికి పరాయి ఊరు కాదు.

దాని స్థాపకురాలు డాక్టర్ ఐడా స్కడ్డర్ గారు 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించారు. ఆమె తాతగారు జాన్ స్కడ్డర్ 1819లో సిలోనుకు వచ్చిన వైద్య మిషనరీ. తండ్రిగారూ వైద్యులే. అయినా యవ్వనంలో ఆమెకు ఈ దేశంలో స్థిరపడాలనే కోరిక లేదు. ఒక్క రాత్రిలో ముగ్గురు భర్తలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ప్రసవవేదనలో ఉన్న తమ భార్యలకు సహాయం కోరడం, పురుష వైద్యుని రానివ్వడానికి వారు ఒప్పుకొనకపోవడం, తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ చనిపోవడం మనం ఆదివారపు బడి నాటినుండి వింటున్న సంగతే. ఆమె అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో చదివి 1899లో పట్టా పొందారు. 1900లో వేలూరు తిరిగివచ్చి తండ్రిగారి బంగళాలో ఒక చిన్న గదిలో వైద్యం ఆరంభించారు. 1902లో నలుబది పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరిచారు. 1909లో నర్సుల శిక్షణ, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల ఆరంభమయ్యాయి.

ఐడా గారు చేసిన పనులలో మన విషయానికి ముఖ్యమైనది దారిప్రక్క వైద్యం. మొదట ఎద్దుల బండి మీద, 1909 నుండి ఒక చిన్న మోటారు కారులో, వారానికొక నిర్ణీతమైన రోజున గుడియాత్తం దారిన చెట్ల క్రింద ఆగి రోగులను చూసేవారు. ఎండలో బిడ్డలను చంకన వేసుకొని తల్లులు ఆ చెట్ల క్రింద కాచుకొని ఉండేవారు. రోగి ఆసుపత్రికి వచ్చేదాకా ఆగక వైద్యుడే రోగి ఊరికి పోవాలనే అలవాటు ఆనాడే వేలూరుకు అబ్బింది. తర్వాతి పరిశోధనకు పునాది ఈ అలవాటే.

1930 దశకం చివర ప్రభుత్వం పాత లైసెన్సు చదువులను ఎత్తివేసి విశ్వవిద్యాలయపు పట్టాలు ఉంటేనే వైద్యులని నిర్ణయించింది. వేలూరు పాఠశాల మూతపడుతుందేమోనని భయపడ్డారు. అనేక మిషన్ సంఘాలు చేతులు కలపడంతో 1942లో అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమైన కళాశాల అయింది. 1947 నుండి పురుషులను కూడా చేర్చుకొన్నారు. విశ్వవిద్యాలయపు స్థాయి కావాలంటే ఆచార్యులు కావాలి, ప్రయోగశాలలు కావాలి. ముప్పుగా వచ్చిన ఆ నిబంధనే పరిశోధనకు తలుపు తెరిచింది. ఐడా గారు 1960 మే 24న కొడైకెనాలులో మరణించేనాటికి వేలూరు వైద్యం నేర్పే చోటు మాత్రమే కాక వైద్యశాస్త్రానికి క్రొత్త సంగతులు చెప్పగల చోటుగా మారుతూ ఉన్నది.

చుక్కలు వేసినా వచ్చిన పోలియో

1950, 1960 దశకాలలో అమెరికాలోనూ ఐరోపాలోనూ పోలియో టీకాలు వచ్చి ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. నోటిలో వేసే చుక్కలు చవక; సూది అక్కరలేదు. కొన్ని మోతాదులు వేస్తే చాలునని పుస్తకాలలో వ్రాసి ఉన్నది. వేలూరులో పిల్లల వైద్యులుగా పని ఆరంభించి వైరస్‌ల పరిశోధనలోనికి వచ్చిన డాక్టర్ టి. జేకబ్ జాన్ గారు ఆ మాటను అలాగే ఒప్పుకొనలేదు. చుక్కలు వేసిన పిల్లల రక్తం తీసి, పోలియోను ఎదిరించే శక్తి వచ్చిందా లేదా అని పరీక్షించారు. పోలియో వైరస్‌లో మూడు రకాలున్నాయి. వాటిలో ఒకటవ, మూడవ రకాలకు మూడు మోతాదుల తర్వాత కూడా మన పిల్లలలో సుమారు మూడింట రెండు వంతుల మందికే శక్తి వస్తున్నదని 1970 దశకంలో తేలింది. మిగిలిన మూడవ వంతు పిల్లలకు చుక్కలు పడినా రక్షణ లేదు. తల్లి మాత్రం బిడ్డకు ఇక భయం లేదనుకొని ధైర్యంగా ఉన్నది.

ఎందుకిలా? ఈ చుక్కలలో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది. అది బిడ్డ పేగులో నాటుకొని పెరిగితేనే శరీరం దానిని గుర్తుపట్టి ఎదిరించడం నేర్చుకొంటుంది. నారు నాటే మడిలో అప్పటికే తుంగ, గరిక దట్టంగా ఉంటే నారు ఎలా నిలదొక్కుకోదో, ఇతర క్రిములతో నిండిన పేగులో ఈ టీకా వైరస్ కూడా అలాగే నిలదొక్కుకోవడం కష్టం. చలి దేశాలలో, మంచి నీళ్ళు, మరుగుదొడ్లు ఉన్న ఇండ్లలో పెరిగే పిల్లల పేగు శుభ్రం చేసిన మడి వంటిది.

ఆ రోజులలో కొందరు తల్లిపాలనే అనుమానించారు. తల్లిపాలలోని రక్షణ పదార్థాలు చుక్కలను చంపివేస్తాయేమో, చుక్కలు వేసే సమయంలో పాలు మాన్పించాలేమో అని శాస్త్ర పత్రికలలో చర్చ జరిగింది. వేలూరు వారు దానినీ పరీక్షించి, తల్లిపాల వలన చుక్కల పనికి భంగం లేదని 1976లో ప్రకటించారు. పైకి చిన్నదిగా కనిపించినా ఇది గొప్ప మేలు. ఆ అనుమానం నిజమని నమ్మి పల్లెలలో పాలు మాన్పించి ఉంటే పోలియో తప్పిన బిడ్డ విరేచనాలకు బలి అయ్యేవాడు.

మూడు మోతాదులు చాలవు, ఐదు గాని అంతకంటె ఎక్కువ గాని వేయాలన్నది జాన్ గారి మాట. అంతే కాదు, ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క రోజున వేసే పద్ధతి కూడా మారాలన్నారు.

ఒక్క రోజున, అందరికీ

ఒక రైతు తన పొలంలో పురుగుల మందు కొట్టితే పురుగు ప్రక్క పొలంలోనికి పోయి, కొన్నాళ్ళకు తిరిగి వస్తుంది. ఊరంతా ఒకేనాడు కొట్టితే దానికి పోయే చోటు ఉండదు. పోలియో వైరస్ కూడా ఒక బిడ్డ పేగునుండి ఇంకొక బిడ్డ పేగుకు మురికి ద్వారా పోతూ బ్రతుకుతుంది. ఊరిలోని చిన్నపిల్లలందరికీ, ముందు ఎన్నిసార్లు వేసినా సరే, ఒకే రోజున చుక్కలు వేస్తే అందరి పేగులలోనూ టీకా వైరసే చోటు ఆక్రమిస్తుంది. అడవి వైరస్‌కు నిలువ నీడ లేకుండా పోతుంది. నాడి కొట్టుకొన్నట్లు కొంతకాలానికొకసారి ఇలా వేయడం వలన జాన్ గారు దీనికి ‘పల్స్’ అని పేరు పెట్టారు. వేలూరు పట్టణంలో ఈ పద్ధతిని ఆచరించి పోలియోను అదుపులోనికి తెచ్చిన సంగతిని 1983లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు.

ఆ దశకంలోనే ఉత్తర ఆర్కాటు జిల్లాలో వారు ఇంకొక పని చేశారు. ఏ ఊరిలో ఏ జబ్బు వస్తున్నదో తెలియకపోతే దానిని ఆపడం ఎలా? జిల్లాలోని ఆసుపత్రులకు, వైద్యులకు అచ్చువేసిన పోస్టుకార్డులు ఇచ్చారు. పోలియో, కోరింత దగ్గు, ధనుర్వాతం వంటి జబ్బు కనిపిస్తే వివరం నింపి తపాలా పెట్టెలో వేస్తే చాలు. ఆ కార్డులు ఒకచోట చేరి జిల్లా ఆరోగ్యపు చిత్రపటంగా మారేవి. కంప్యూటర్లు లేని రోజులలో ఇది జరిగింది.

దేశం ఈ మాట వినడానికి చాలా ఏండ్లు పట్టింది. ఢిల్లీలో 1994 అక్టోబరు 2న, దేశమంతటా 1995 డిసెంబరులో పల్స్ పోలియో ఆరంభమయ్యాయి. వేలూరు మొదటి పరిశోధనల నుండి లెక్కిస్తే దాదాపు ఇరవై ఏండ్లు. ఆ మధ్య కాలంలో దేశంలో ఏటా సుమారు రెండు లక్షల మంది పిల్లలకు పోలియో వచ్చి ఉంటుందని అంచనా. మన సంఘాలలో ఆ తరంలో పుట్టి, కాలికి ఇనుప పట్టీలు కట్టుకొని, చంక కర్రల సహాయంతో ఆరాధనకు వచ్చేవారిని మనం ఎరుగుదుము. వారిలో కొందరు గాయక బృందాలలో పాడారు, కొందరు ఉపాధ్యాయులయ్యారు. వారిని చూసినప్పుడెల్లా, తెలిసిన సత్యాన్ని ఆచరణలో పెట్టడానికి చేసే ఆలస్యానికి వెల ఎవరు చెల్లిస్తారో తెలుస్తుంది.

చివరకు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో ఒక చిన్నపాపకు వచ్చినదే ఈ దేశంలో అడవి పోలియో చివరి కేసు. 2014 మార్చి 27న మన దేశాన్ని పోలియో రహితమని ప్రకటించారు. ఆదివారం ఉదయం మన బడులలో, ఆలయ వసారాలలో బల్ల వేసి చుక్కలు వేసిన రోజులు, పసివాడి చిటికెన వ్రేలి గోటి మీద సిరా గుర్తు మనకందరకూ జ్ఞాపకమే.

చుక్కలతో బాటు సూది టీకా కూడా కావాలని జాన్ గారు ఏండ్ల తరబడి వాదించారు. చుక్కలలోని సజీవ వైరస్ చాలా అరుదుగా తానే రూపు మార్చుకొని జబ్బు కలిగించగలదు; సూది టీకాలో ఆ భయం లేదు. 2015 నవంబరు నుండి మన దేశంలో సూది టీకాను కార్యక్రమంలో చేర్చడం మొదలుపెట్టారు. 2016 జూన్‌లో హైదరాబాదు మురుగునీటిలో అలా రూపు మారిన రెండవ రకం వైరస్ కనిపించినప్పుడు హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో వారం రోజులలో మూడు లక్షలకు పైగా పిల్లలకు ఆ సూది వేశారు. ఒక్క బిడ్డకు కూడా కాలు చచ్చుబడకముందే మురుగునీటిని పరీక్షించి మేల్కొన్నారు. ముందుగా వెదకి చూడడం అంటే ఇదే.

నీళ్ళ విరేచనాలు

పోలియో కుంటివారిని చేసేది, విరేచనాలు చంపేవి. మన ఇండ్లలో దీనికి ఎన్ని పేర్లు! పండ్లు వచ్చే విరేచనాలన్నారు, దిష్టి అన్నారు, వేడి చేసిందన్నారు. బిడ్డ మాడు లోతుకు పోతే, కండ్లు గుంటలు పడితే ఏదో సోకిందన్నారు. అన్నిటికంటె ప్రమాదకరమైన నమ్మకం ఇంకొకటి: నీళ్ళు త్రాగిస్తే విరేచనాలు ఎక్కువవుతాయని గొంతు తడపకుండా ఉంచడం. బిడ్డ చనిపోయేది క్రిమి వలన కంటె ఒంటిలోని నీరు, ఉప్పు పోవడం వలననే.

ఉప్పు, చక్కెర కలిపిన నీటిని పేగు పీల్చుకోగలదని ఢాకా, కలకత్తాలలోని పరిశోధకులు 1960 దశకంలో నిరూపించారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరం వద్ద బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు సెలైను సీసాలు చాలక డ్రమ్ములలో ఈ నీళ్ళు కలిపి త్రాగించగా, ముప్పై శాతం వరకు ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగిపోయాయి. ఇది ప్రపంచానికి మన ఉపఖండం ఇచ్చిన వరం.

కాని విరేచనాలు మొదలవడానికే కారణం ఏమిటి? చాలాకాలం అనేక కేసులలో ఏ క్రిమీ దొరికేది కాదు. 1973లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో రూత్ బిషప్ గారు, ఆమె తోటివారు, పసిపిల్లల పేగునుండి తీసిన చిన్న ముక్కను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి చక్రంవంటి వైరస్‌ను కనుగొన్నారు. చక్రానికి లాటిన్‌లో ఉన్న పేరును బట్టి దానికి రోటావైరస్ అని పేరు వచ్చింది. వేలూరులో డాక్టర్ సెల్విన్ బేకర్ గారి నాయకత్వాన పేగు జబ్బులపై పనిచేసే పరిశోధన విభాగం అప్పటికే ఉన్నది. మరుసటి ఏడాదే, 1974లో, మెల్బోర్న్ వారితో కలిసి వేలూరు పిల్లలలో కూడా ఈ వైరస్ ఉన్నదని వారు లాన్సెట్ పత్రికలో ప్రకటించారు.

తర్వాతి దశకాలలో లెక్కలు తేల్చగా, టీకా రాకముందు మన దేశంలో ఈ ఒక్క వైరస్ వలన ఏటా సుమారు 78,000 మంది ఐదేండ్ల లోపు పిల్లలు చనిపోతున్నారని, ఎనిమిది లక్షల డెబ్బై వేలకు పైగా పిల్లలు ఆసుపత్రిలో చేరవలసి వస్తున్నదని అంచనా వచ్చింది.

వీధులలో మూడేండ్లు

ఈ పరిశోధనలో మేము అన్నిటికంటె గొప్పదనుకొనేది డాక్టర్ గగన్‌దీప్ కాంగ్ గారు, ఆమె తోటివారు 2002 నుండి వేలూరు పేటలలో నడిపినది. బీడీలు చుట్టి, కూలి చేసి బ్రతికే కుటుంబాలు ఇరుకు ఇండ్లలో ఉండే పేటలవి. అప్పుడే పుట్టిన 452 మంది పిల్లలను తల్లుల అనుమతితో చేర్చుకొన్నారు. వారిలో 373 మంది మూడేండ్లు నిండేవరకు ఈ పరిశీలనలో నిలిచారు.

ఒక్కసారి ఆ పని ఊహించుకొందాము. వారానికి రెండుసార్లు ప్రతి ఇంటికీ వెళ్ళి బిడ్డ ఎలా ఉన్నాడని అడగాలి. జబ్బు ఉన్నా లేకున్నా రెండు వారాలకొకసారి మలం సేకరించాలి. విరేచనాలైతే ఇంకా తరచుగా తీసుకోవాలి. ఆరు నెలలకొకసారి రక్తం తీయాలి. వానలో, ఎండలో, పండుగనాడు, చావు జరిగిన ఇంటిలో కూడా. ఇలా మూడేండ్లు. తలుపు తట్టే కార్యకర్తకు ఓపిక ఉండాలి. తలుపు తీసే తల్లికి అంతకంటె ఎక్కువ ఓపిక ఉండాలి.

ఫలితాలు 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడ్డాయి. ఆరు నెలలు నిండేసరికే 56 శాతం పిల్లలకు రోటావైరస్ సోకింది. ఒక్కసారి సోకితే చాలదు. మరల మరల సోకుతున్నది. అంతకుముందు మెక్సికోలో జరిగిన ఇటువంటి పరిశీలనలో, రెండుసార్లు సోకిన పిల్లలకు గట్టి విరేచనాల నుండి పూర్తి రక్షణ వచ్చినట్లు తేలింది. వేలూరులో మూడుసార్లు సోకిన తర్వాత కూడా 79 శాతం రక్షణే వచ్చింది. మన నేలమీద పోలియో చుక్కలు నేర్పిన పాఠాన్నే రోటావైరస్ మరల నేర్పింది. టీకా వేస్తే రేపటినుండి విరేచనాలే ఉండవని ఇక ఎవరూ గొప్పగా చెప్పడానికి వీలులేకపోయింది. ఎంత మేలు ఆశించవచ్చునో ముందే తెలిసింది.

కాంగ్ గారు 2019లో లండన్ రాయల్ సొసైటీకి ఎన్నికయ్యారు. భారతదేశంలో పనిచేసే స్త్రీలలో ఆ గౌరవం పొందిన మొదటివారు ఆమె.

హైదరాబాదులో తయారైన చుక్కలు

ఇక్కడ కథ మన తెలుగునాటికి వస్తుంది. 1985, 1986 ప్రాంతంలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ ఎం. కె. భాన్ గారు ఒక వింత గమనించారు. అప్పుడే పుట్టిన కొందరు శిశువులకు రోటావైరస్ సోకినా జబ్బు చేయలేదు. ఆ పిల్లలకు తర్వాత కూడా గట్టి విరేచనాలు తక్కువ. ప్రకృతే బలహీనపరిచిన ఆ వైరస్‌ను టీకాగా మార్చడానికి కేంద్ర ప్రభుత్వపు బయోటెక్నాలజీ శాఖ, విదేశాలలోని విశ్వవిద్యాలయాలు, సంస్థలు, హైదరాబాదులోని భారత్ బయోటెక్ కంపెనీ కలిసి ఏండ్ల తరబడి పనిచేశాయి.

చివరి పరీక్ష ఢిల్లీ, పూనా, వేలూరులలో జరిగింది. 6,799 మంది శిశువులు పాల్గొన్నారు. 4,532 మందికి టీకా చుక్కలు, 2,267 మందికి మందు లేని చుక్కలు వేశారు. ఎవరికి ఏవి పడ్డాయో తల్లికి గాని వైద్యునికి గాని తెలియదు. గట్టి రోటావైరస్ విరేచనాల నుండి టీకా సుమారు 54 శాతం రక్షణ ఇచ్చినట్లు 2014లో లాన్సెట్‌లో ప్రచురించారు. ధనిక దేశాలలో ఇటువంటి టీకాలు 85 శాతానికి పైగా రక్షణ ఇస్తాయి. వినడానికి 54 చిన్న సంఖ్య. కాని 78,000 మరణాలున్న దేశంలో సగం ఆగినా ఎన్ని ఇండ్లలో ఏడుపు తప్పుతుందో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

2016లో ప్రభుత్వం ఈ చుక్కలను ఉచిత టీకాల పట్టికలో చేర్చినప్పుడు మొదట ఎన్నుకొన్న నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మిగిలినవి ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్. 2019 నాటికి తెలంగాణతో సహా దేశమంతటికీ ఈ కార్యక్రమం విస్తరించింది. 2016 నుండి 2020 వరకు తొమ్మిది రాష్ట్రాలలోని 31 ఆసుపత్రులలో చూసిన లెక్కలలో కూడా ఈ టీకా రక్షణ సుమారు 54 శాతమే. పరీక్షలో వచ్చిన అంకెయే పల్లెలలోనూ నిలిచింది.

అడగవలసిన ప్రశ్నలు అడిగారు

ఈ చరిత్రలో అంతా పొగడ్తయే ఉంటే అది చరిత్ర కాదు. అమెరికాలో 1998లో వచ్చిన మొదటి రోటావైరస్ టీకాను మరుసటి ఏడాదే ఉపసంహరించారు. కొద్దిమంది శిశువులలో పేగు ఒక ముక్క ఇంకొక ముక్కలోనికి దూరుకొని అడ్డుపడే జబ్బు వచ్చినందువలన. గనుక మన దేశపు పరీక్షలో కూడా ఆ జబ్బు కొరకు ప్రత్యేకంగా వెదికారు. మొదటి ఏడాది నివేదికలో టీకా పడినవారిలో ఆరుగురికి, మందు లేని చుక్కలు పడినవారిలో ఇద్దరికి వచ్చింది. అన్నీ మూడవ మోతాదు తర్వాత వచ్చినవే. ఇంత తక్కువ సంఖ్యను బట్టి ఏమీ తేల్చలేము. వేలూరు లెక్కలను విడిగా బయటపెట్టాలని కొందరు వైద్యులు బహిరంగంగా అడిగారు. వారు అడగడం న్యాయమే. పేదల బిడ్డల మీద జరిగే పరీక్షలో దాపరికం ఉండరాదు.

ఆ ప్రశ్నకు సరియైన జవాబు ఇంకా పెద్ద లెక్కయే. పది రాష్ట్రాలలోని 27 ఆసుపత్రులలో ఈ పేగు జబ్బుతో వచ్చిన శిశువులను 2016 నుండి 2019 వరకు పరిశీలించి, టీకా వలన ఆ జబ్బు పెరిగిన గుర్తు లేదని 2020లో ప్రకటించారు. ఆ పరిశీలనలో కూడా వేలూరు వారే ముఖ్యులు. తమ మందును తామే అనుమానించి మరల లెక్కించడం నిజమైన పరిశోధకుని లక్షణం.

మనకు మిగిలిన పని

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇప్పటికీ ప్రపంచంలో ఏటా నాలుగు లక్షలకు పైగా ఐదేండ్ల లోపు పిల్లలు విరేచనాల వలన చనిపోతున్నారు. పరిశోధకులు తమ పని చేశారు. ఇంటిలో చేయవలసినది మనకు మిగిలి ఉన్నది. సంఘస్థులు, ముఖ్యంగా స్త్రీల సమాజాల వారు, ఈ నాలుగు మాటలు గుర్తుంచుకొని పొరుగువారికి కూడా చెప్పవలెనని కోరుచున్నాము.

మొదటిది: ఆరవ, పదవ, పదునాలుగవ వారాలలో వేసే రోటావైరస్ చుక్కలు, ఇతర టీకాలు ఆలస్యం చేయరాదు. ఆలస్యంగా వేసిన టీకా వచ్చేలోపు జబ్బే ముందు వస్తుంది. వేలూరు పిల్లలలో సగానికి పైగా ఆరు నెలలకే సోకిన సంగతి మరువరాదు.

రెండవది: విరేచనాలు మొదలైన వెంటనే ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తం ఒకేసారి, దాని మీద వ్రాసిన కొలత ప్రకారం కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా త్రాగించాలి. పొట్లంలో సగం వాడి సగం దాచరాదు; నీళ్ళు తక్కువ పోసి చిక్కగా చేయరాదు. తల్లిపాలు మాన్పరాదు. తినే వయసు బిడ్డకు తిండి కూడా ఆపరాదు.

మూడవది: వైద్యుడు గాని ఆరోగ్య కార్యకర్త గాని ఇచ్చిన జింకు మాత్రలను విరేచనాలు ఆగినా పదునాలుగు రోజులు పూర్తిగా వేయాలి.

నాలుగవది: బిడ్డ మగతగా ఉండి త్రాగలేకపోయినా, మలంలో రక్తం పడినా, కండ్లు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా దిష్టి తీసి కాలం గడపక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. టీకా వేసిన తర్వాత పసివాడు మెలికలు తిరుగుతూ ఏడ్చి, వాంతులు చేసుకొంటూ, మలంలో రక్తపు జిగట కనిపించినా అంతే.

ఐడా స్కడ్డర్ గారి పేరు, జేకబ్ జాన్ గారి పేరు, గగన్‌దీప్ కాంగ్ గారి పేరు పుస్తకాలలో ఉంటాయి. ఆ బీడీల పేటలలో మూడేండ్లు వారానికి రెండుసార్లు తలుపు తీసిన తల్లుల పేర్లు ఏ పత్రికలోనూ లేవు, ఉండకూడదు కూడా. వారి బిడ్డలు నేడు ఇరవై ఏండ్లు దాటిన యువతీయువకులు. తమ చిన్ననాటి జ్వరాలు, విరేచనాలు ఒక దేశపు టీకాకు ఆధారమయ్యాయని వారిలో ఎందరికి తెలుసునో చెప్పలేము. మన ఇంటి పసివాడి నోటిలో చుక్కలు పడేటప్పుడు వారికి మనం ఋణపడి ఉన్నామని మనమైనా తెలుసుకొని, ఈ సంగతి మన పిల్లలకు చెప్పుదము.